ఒక్క ఫోను, అందరి ఓట్లు

ఆ లాండ్రీ షెడ్డులోకి వచ్చే ఫోను ఒక్కటే, అదీ షెడ్డు పనులన్నీ చూసే పెద్దక్కది. మిగతా ఆడవాళ్ళ ఫోన్లన్నీ గేటు దగ్గర చెక్కపెట్టెలో సాయంత్రం దాకా నిద్రపోతాయి. వాటిని ఎవరూ లాక్కుని పెట్టలేదు. లోపలి ఆవిరికి ఫోను బతకదు, అంతే. ముచ్చటపడి లోపలికి తెచ్చుకున్న వాళ్ళు తెర వెనక నీటిబొట్లు చూసుకుని లబోదిబోమన్నాక అందరూ ఆ ఆశ వదిలేసుకున్నారు. హోటళ్ళ వాళ్ళు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కనుక పెద్దక్క మాత్రం తన ఫోనుని ఉతికిన కోట్లకి తొడిగే ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఇస్త్రీ బల్ల పక్కన మేకుకి తగిలించి ఉంచుతుంది.

ఆ ఉదయం కవరులోంచి ఫోను కీచుమంది. పెద్దక్క చెయ్యి తుడుచుకుని, కవరు మీంచే తెరని నొక్కి, చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది.

"మిషన్లు ఆపండే," అంది.

పెద్దక్క మిషన్లు ఆపమంటే బాయిలరన్నా పేలి ఉండాలి, హోటలన్నా చేజారి ఉండాలి. అందరూ చేతిలో పని చేతిలోనే వదిలేసి వచ్చారు. మడతక్క, పిచ్చుక మాత్రం పెద్ద దుప్పటి మడవడం మధ్యలో ఉన్నారు. దాన్ని వదిలితే నేల తాకుతుంది, మళ్ళీ ఉతకాలి. అందుకని చెరో రెండు కొసలు పట్టుకుని నిలబడే విన్నారు.

"మీ షెడ్డు నుంచి వచ్చిన ఓట్లు నిలిపివేయడమైనది. ఒకే ఫోను, ఒకే సమయం, ఒకే ఎంపిక, ఒకే వాక్యం. ఇవన్నీ ఒకే మనిషి వేసినవని అనుమానిస్తున్నాము."

"ఒకే మనిషా?" అంది గంజి వదిన. బట్టలకి గంజి పెట్టే మనిషి, మోచేతుల దాకా తెల్లగా ఉంది. "అయితే ఇన్నేళ్ళుగా ఇంతమందికి జీతాలెందుకిస్తున్నారో అడగండి."

కొందరు నవ్వారు కానీ ఆ నవ్వు నిలవలేదు.

ఓట్ల సంగతి ఇదీ. ఒకే నది మూడు దేశాల గుండా పోతుంది, దాని ఒడ్డున మూడు నగరాలున్నాయి. వరదొచ్చినా మురుగొచ్చినా మూడింటికీ తప్పదు గనుక, మూడూ కూడబలుక్కుని ఒక నిధి పెట్టుకున్నారు. ఆ నిధితో పేటకొక పని చేస్తారు. ఏ పని కావాలో పేటవాళ్ళే ఫోనులో ఓటు వేసి తేల్చుకోవాలి. ఒక నగరం ఓట్లని ఇంకో నగరం వాళ్ళు సరిచూడాలి, సొంతవాళ్ళైతే మొహమాటపడతారని. ఈ పేట ముందు రెండే పనులు పెట్టారు. కాలువ మీద నడిచి దాటడానికి వంతెన, లేదా పనికెళ్ళే తల్లుల పసిపిల్లల్ని పగటిపూట చూసుకునే కేంద్రం. ఆ రెండోదానికి షెడ్డులో ఉయ్యాలగది అని పేరు పెట్టేశారు.

ఆ పేరు పిచ్చుక కూతురి వల్ల వచ్చింది. పిచ్చుక అందరికన్నా చిన్నది, బక్కది, మాట కన్నా చెయ్యి చురుకు. దాని చంటిపాప తువ్వాళ్ళ బండిలో, పొడి తువ్వాళ్ళ మీద పడుకుంటుంది. మొన్నామధ్య ఎవరో చూసుకోకుండా ఆ బండిని ఉతికే మిషను దాకా తోసుకుపోయి, తువ్వాళ్ళని రెండు చేతులా ఎత్తబోయారు. పాప తుమ్మింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు షెడ్డులో ఎవరికీ అన్నం సయించలేదు. మర్నాడే భోజనాల వేళ పెద్దక్క లేచి నిలబడి, "మన ఓట్లన్నీ ఉయ్యాలగదికే. పిచ్చుక కోసం. ఏమంటారు?" అంది.

అందరూ "ఊఁ" అన్నారు.

ఆ షెడ్డులో ఊఁ అనడానికి ఎవరూ ఆలస్యం చెయ్యరు. దుప్పటి మడిచేటప్పుడు ఈ చివరావిడ "పట్టావా?" అంటుంది, ఆ చివరావిడ వెంటనే "ఊఁ" అనాలి, అప్పుడే లాగుతారు. ఆలోచిస్తూ కూర్చుంటే దుప్పటి నేల మీద ఉంటుంది. అలా అలవాటైన గొంతులు అవి. తర్వాత మేకు మీది ఫోను దించి, ఒకరి తర్వాత ఒకరు ఎవరి ఓటు నంబరు వాళ్ళు కొట్టి ఓటు వేశారు. కారణం రాయమన్న చోట పెద్దక్క చెప్పిన వాక్యాన్నే అందరూ పెట్టారు, ఆవిడ చక్కగా చెప్పింది కనుక. అదే కొంప ముంచింది.

"ఇంకా ఉంది," అని పెద్దక్క మళ్ళీ చదివింది. "మీలో ఒకరు మా పరిశీలకురాలితో వీడియోలో మాట్లాడవచ్చు. ఆమె సంతృప్తి చెందితే ఓట్లు తిరిగి లెక్కలోకి వస్తాయి."

అందరి కళ్ళూ మడతక్క మీదికి తిరిగాయి. షెడ్డులో అరవకుండా మాట్లాడేది ఆవిడొక్కతే.

"నేనా?" అంది మడతక్క. దుప్పటి కొస ఆవిడ వేళ్ళలోంచి జారింది. పిచ్చుక చటుక్కున మోకాలు అడ్డుపెట్టి నేల తాకకుండా ఆపింది.

*

మడతక్కకి ఆ పని ఎందుకు ఇష్టం లేదో షెడ్డులో ఎవరికీ తెలియదు. ఆవిడకి కావలసింది వంతెన.

ఆవిడ భర్తది తాళాల పని. పోయిన తాళంచెవులు చేస్తాడు, బిగుసుకున్న తాళాలు విప్పుతాడు. కొట్టు కాలువకి అవతలి ఒడ్డున, వాళ్ళింటి కిటికీలోంచి కనిపించేంత దగ్గరలో ఉంది. కానీ అక్కడికి చేరాలంటే పెద్ద రోడ్డు దాకా నడిచి, లారీల వంతెన ఎక్కి, దిగి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి నడవాలి. ఆయన కుడి మోకాలు వంగదు. సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాక చాలాసేపు నోట మాట రాదు. కొట్టు ఈ ఒడ్డుకి మార్చమంటే, అలవాటైన బేరాలు పోతాయంటాడు. ఈ ఏడాది కూడా ఇలాగే నడిస్తే కొట్టు మూసేస్తానని మాత్రం రెండు మూడుసార్లు అన్నాడు. మూసేసి ఏం చేస్తాడో ఆయనా చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఆ సాయంత్రం మడతక్క నేల మీద కూర్చుని ఆయన మోకాలికి నూనె రాస్తోంది.

"మీ షెడ్డు వాళ్ళ ఓట్లు ఆపేశారటగా?" అన్నాడు ఆయన. "కొట్టు దగ్గర చెప్పుకుంటున్నారు."

"ఊఁ."

"పాపం. కానీ మనకి మంచిదే అయింది. వాళ్ళంతా ఆ పిల్లల కేంద్రానికి గుద్దేశారట. నీది పోలేదు కదా? నువ్వు నీ ఫోనులోనే వేసి ఉంటావు."

మడతక్క అరిచేతిలో ఇంకాస్త నూనె పోసుకుంది. "కాలు చాపండి, సరిగ్గా అందట్లేదు," అంది.

"చాపితే ఇంతే వస్తుంది, దీనికి తాళం పడిపోయింది. ఊళ్ళో అందరి తాళాలూ తీస్తాను, ఇదొక్కటే నా మాట వినదు," అని తన మాటకి తనే నవ్వాడు. తర్వాత కిటికీ వైపు చూసి, "వంతెన వస్తే నువ్వు పొయ్యి మీద టీ పెట్టి కేకేస్తే చాలు, మరిగేలోపు వచ్చేస్తాను," అన్నాడు.

ఆవిడకి ఆ క్షణం నిజం చెప్పేయాలనిపించింది. ఏమని చెప్పాలి? అందరూ ఊఁ అన్నారు, నేనూ అన్నాను అనా? పాప తుమ్ము గుర్తొస్తే అది తప్పనిపించదు. ఈ మోకాలు చూస్తే ఒప్పనిపించదు. రెండూ కలిపి ఆలోచిస్తే ఏమీ అనిపించదు, తల దిమ్మెక్కుతుంది. నూనె సీసా మూత బిగించి లేచింది.

*

వీడియో పెద్దక్క చిన్న గదిలో పెట్టారు. చిరునామా చీటీల కట్టలకి ఫోనుని ఆనించి, మడతక్కని ఎదురుగా కూర్చోబెట్టి, మిగతా వాళ్ళు తలుపు అవతల చెవులు రిక్కించుకుని నిలబడ్డారు.

పరిశీలకురాలు ఎగువ నగరం మనిషి. నెరిసిన జుట్టు, కుర్చీ మీద ఉన్ని శాలువా, వెనక కిటికీ మీద వాన. ఆమె తన భాషలో మాట్లాడుతుంటే కింద మన అక్షరాలు పరిగెత్తుతున్నాయి, బయటివాళ్ళ కోసం మడతక్క వాటిని పైకి చదువుతోంది. మడతక్క మాటలూ అవతల అలాగే పరిగెత్తుతున్నాయి కాబోలు, ఆమె కళ్ళు మాటిమాటికీ కిందికి దిగుతున్నాయి.

"మీరందరూ ఒకే ఫోను ఎందుకు వాడారు?"

మడతక్క ఆవిరి సంగతి చెప్పింది. నమ్మకం కలగదేమోనని ఫోనుని కవరుతో సహా చూపించబోయి, మాట్లాడుతున్నది దాంట్లోంచే అని గుర్తొచ్చి సిగ్గుపడింది. ఆమె నవ్వింది.

"ఒకే వాక్యం ఎందుకు?"

"పెద్దక్క బాగా చెప్పింది. అంతకన్నా బాగా ఎవరికీ రాలేదు."

"దిగువ నగరంలో చేపలు ప్యాక్ చేసే ఆడవాళ్ళ ఓట్లు కూడా ఇలాగే నిలిపివేశాము. చేతులకి తొడుగులు ఉంటాయి, అందరికీ ఒకే ఫోను అని వాళ్ళూ చెప్పారు. మీ సంగతి తెలిసి మీ తరఫున ఉత్తరం పంపారు. చదవనా?"

ఆమె చదివింది. కింద అక్షరాలు వచ్చాయి. "లాండ్రీ అక్కలారా, మేము మీ చేతులు. మీ ఓటు తడి, మా ఓటు ఉప్పు. ఎండబెట్టకండి అని చెప్పండి." ఫోను ఏం తర్జుమా చేసిందో దేవుడికే తెలియాలి. అయినా తలుపు అవతల ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. ఎన్నడూ చూడని వాళ్ళు, భాష తెలియని వాళ్ళు, తమని అక్కలని పిలిచారు.

"మీ విషయంలో ఏది తేలితే వాళ్ళకీ అదే వర్తిస్తుంది," అంది పరిశీలకురాలు. "అందుకే జాగ్రత్తగా అడుగుతున్నాను. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకాయన అందరిచేతా ఓట్లు వేయించేవాడు. అడిగితే అందరూ ఇష్టపడే వేశాం అనేవారు. మా అమ్మ కూడా అనేది. మా అమ్మకి ఇష్టం లేదని నాకు తెలుసు. చెప్పండి, మీలో ఈ ఓటు ఇష్టం లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒక్కరైనా?"

మడతక్క పక్కకి ఒరిగిన చీటీల కట్టని సరిచేసింది. ఇంతమందిలో ఈ ప్రశ్న ఎవరినైనా అడగొచ్చు. తననే ఎందుకు అడగాలి? ఒక్కరున్నారు, నేనే, అంటే? బయట నిలబడ్డ వాళ్ళ ఓట్లు గంగలో కలుస్తాయి. ఎక్కడో చేపల షెడ్డులో ఉప్పు చేతుల వాళ్ళవీ కలుస్తాయి. ఇంతమందీ ఒకరి పెత్తనానికి తలవంచిన గొర్రెలని ఈమె రాసుకుంటుంది. పెద్దక్క అలాంటి మనిషి కాదు. ఎవరినీ బెదిరించలేదు. బెదిరించకపోయినా నోరు పెగలలేదంటే ఈమెకి అర్థమవుతుందా? తనకే అర్థం కాలేదు.

ఆవిడకి ఉన్నట్టుండి కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు.

"మా చోట ఎవరూ ఎవరినీ బలవంతపెట్టరమ్మా," అంది. "దుప్పటి ఒక్కరే మడవలేరు. ఇద్దరు పట్టుకుంటే ఇద్దరూ ఒకరే అంటారా? మేమంతా కూర్చుని అనుకున్నాం. అనుకునే వేశాం. ఇష్టం లేనివాళ్ళు ఎవరూ లేరు."

పరిశీలకురాలు కింది అక్షరాలు చదివి, కళ్ళెత్తి, ఈవిడ మొహంలోకి కాసేపు అలాగే చూసింది. వాళ్ళమ్మ మొహం వెతుక్కుంటోందేమో.

"సరే," అంది చివరికి. "మీ మాట నమ్ముతున్నాను."

*

మర్నాడు కబురొచ్చింది. రెండు షెడ్ల ఓట్లూ చెల్లుతాయి. ఓటింగు రేపు సాయంత్రం ముగుస్తుంది, ఈలోగా ఎవరైనా తమ ఓటు మార్చుకోవాలనుకుంటే మార్చుకోవచ్చు. ఉయ్యాలగది ముందుంది, వంతెన కొద్ది తేడాతో వెనకపడింది.

షెడ్డంతా గోలగోలైంది. గంజి వదిన గంజి చేతులతోనే మడతక్కని వాటేసుకుంది. గంజి వదిన కూతురికి ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆ పిల్ల కూడా ఇక్కడే పనికి రావాలి, అందుకని వదినకి ఈ సంతోషం సొంతది. "నీ నోట్లో చక్కెర పోయాలి మడతక్కా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మడతక్క ఆవిడ వీపు తడుతూ, ఈ కన్నీళ్ళకి తను అర్హురాలినా కాదా అని తేల్చుకోలేక గోడ వైపు చూస్తూ నిలబడింది. ఈ కబురు సాయంత్రానికి తాళాలాయన చెవిన పడుతుంది. మోకాలికి నూనె రాస్తున్నప్పుడు ఏమంటాడో?

మధ్యాహ్నం పెద్ద దుప్పట్ల కట్ట విప్పారు. మడతక్క ఈ కొస, పిచ్చుక ఆ కొస. తువ్వాళ్ళ బండికి ఇప్పుడు ఎర్ర గుడ్డ కట్టారు, ఎవరూ పొరపడకుండా. అందులో పాప తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉంది.

"పట్టావా?" అంది మడతక్క.

పిచ్చుక పలకలేదు.

"ఏమే, పట్టావా?"

"అక్కా, నీకొకటి చెప్పాలి. తిట్టవుగా?"

"ముందు పట్టుకోవే, జారుతోంది."

పిచ్చుక కొసలు గట్టిగా పట్టుకుని, నాలుగడుగులు దగ్గరికొచ్చి, తన చేతిలోవి మడతక్క చేతిలో పెట్టాల్సింది, పెట్టకుండా అక్కడే నిలబడిపోయింది. దుప్పటి ఇద్దరి మధ్యా సంచిలా వేలాడుతోంది.

"నాకు ఉయ్యాలగది వద్దు అక్కా," అంది గొంతు తగ్గించి. "మా అమ్మ కాలువకి అవతల ఉంటుంది. పిల్లని నేను చూస్తానే, నువ్వే రోజూ తెచ్చి దింపు అంటుంది. అంత దూరం తిరిగి, పాపని ఎత్తుకుని వెళ్ళి దింపి, మళ్ళీ పనివేళకి ఎలా రాను? వంతెనుంటే పరిగెత్తుకెళ్ళి ఇచ్చేసి వస్తాను. మధ్యాహ్నం పాలిచ్చి కూడా రావచ్చు."

మడతక్కకి ఒక్కసారి ఏమీ వినబడలేదు. మిషన్ల హోరు కూడా.

"మరి ఆ రోజు ఊఁ అన్నావేమే?"

"అందరూ నాకోసం అంటుంటే నాకొద్దని నేనెలా అంటాను? పొగరనుకోరూ? నాలుక మడతపడిపోయింది." పిచ్చుక కళ్ళు నిండాయి. "నిన్న నువ్వు ఆవిడతో ఇష్టం లేనివాళ్ళు ఎవరూ లేరు అంటుంటే, తలుపు తోసుకుని లోపలికి వచ్చేద్దామనుకున్నా. నువ్వు అబద్ధమాడినట్టవుతుందని ఆగిపోయా."

మడతక్కకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ రోజుకి ఎన్ని దుప్పట్లో, ఈ పిల్లా తనూ ఎదురుబదురుగా నిలబడి, ఒకరి చేతిలోవి ఒకరు అందుకుంటూ, ఒకే కోరికని చెరో కొస నుంచీ దాచుకున్నారు.

"నేను ఆడింది అబద్ధమే," అంది. "నువ్వు లోపలికి రాకపోయినా అబద్ధమే."

పిచ్చుక అర్థంకాక చూసింది. మడతక్క మోకాలి సంగతి చెప్పింది.

*

ఆ సాయంత్రం ఇంట్లో తాళాలాయన కిటికీ రెక్క మూసేసి కూర్చున్నాడు. నూనె రాయబోతే, "ఇవాళ వద్దులే," అన్నాడు. మడతక్క లేచి సీసాని అలమరలో పెట్టేసింది.

మర్నాడు భోజనాల డబ్బాలు విప్పుతుండగా ఆవిడ పెద్దక్క ముందుకెళ్ళి నిలబడింది. పిచ్చుక చెయ్యి ఆవిడ చేతిలో ఉంది.

"అక్కా, మళ్ళీ ఒకసారి అందరం మాట్లాడుకుందాం," అంది. "కాకపోతే ఈసారి నువ్వు చివర్లో చెప్పు. ముందు పిచ్చుకని చెప్పనీ."

పెద్దక్క నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. పిచ్చుక చెప్పింది. తడబడుతూ, మధ్యలో రెండుసార్లు ముక్కు తుడుచుకుంటూ, వంతెన కావాలని చెప్పింది. తర్వాత మడతక్క చెప్పింది. ఎవరూ డబ్బాల వైపు చూడలేదు.

"ఇప్పుడా చెప్పడం?" అంది గంజి వదిన. ఆవిడ మొహం మాడిపోయింది. "నా కూతురి సంగతి ఎవరికీ పట్టదన్నమాట!"

"పట్టకేం వదినా. పట్టబట్టే నాకు నిద్ర లేదు. నీ కూతురూ గుర్తొస్తుంది, మా ఆయన కాలూ గుర్తొస్తుంది. ఏది ఎక్కువో నాకు తెలియట్లేదు."

పెద్దక్క మాత్రం మడతక్కనే చూస్తోంది. ఆవిడ మొహంలో కోపం కన్నా దెబ్బతిన్న భావమే ఎక్కువ కనిపించింది.

"మరి ఆవిడ అంత పట్టుబట్టి అడిగిందే, ఇష్టం లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. అప్పుడెందుకు చెప్పలేదు?"

"అడిగింది పరాయి మనిషి అక్కా," అంది మడతక్క. "పరాయి మనిషి ముందు మన షెడ్డుని ఎలా తక్కువ చేస్తాను? నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని."

"నేను అడిగాను! ఏమంటారు అని అందరినీ అడిగాను!"

"అడిగావు. ముందు నువ్వు చెప్పేసి, తర్వాత అడిగావు."

పెద్దక్క డబ్బా మూత పెట్టేసింది. ఎప్పుడూ ఆవిడ మాట ముందు, మిగతా వాళ్ళ ఊఁ తర్వాత. ఇందులో తప్పేముందో ఆవిడకి నిన్నటిదాకా తెలియదు, ఇప్పుడూ పూర్తిగా తెలిసినట్టు లేదు. చెయ్యి కడుక్కుని వచ్చింది. మేకు మీది ఫోను దించి, కవరు మీది తడిని కొంగుతో తుడిచింది.

"ఇంకా టైముంది," అంది. "ఎవరి ఓటు వాళ్ళు మళ్ళీ చూసుకోండి. మార్చేవాళ్ళు మార్చండి, ఉంచేవాళ్ళు ఉంచండి. ఆ పరిశీలకురాలికి నేను చెప్పుకుంటాను. చేపల వాళ్ళకి మాట రాకుండా కూడా నేనే చెప్పుకుంటాను. ఈసారి ఎవరి కారణం వాళ్ళే రాయాలి, నా వాక్యం పెడితే చెయ్యి విరగ్గొడతాను."

"అందరి ముందా?" అంది ఒకావిడ.

పెద్దక్క చుట్టూ చూసింది. కట్టలోంచి పెద్ద దుప్పటి ఒకటి లాగి, ఒక కొస పిచ్చుక చేతికిచ్చి, రెండో కొస తనే పట్టుకుని, చెయ్యి చాచినంత ఎత్తుకి లేపింది. దాని వెనక గోడ మూల, అక్కడొక బోర్లించిన బకెట్టు. ఒక్కొక్కరే ఫోను పట్టుకుని వెనక్కి వెళ్ళి, బకెట్టు మీద కూర్చుని, లేచి వచ్చారు. గంజి వదిన మొహం తిప్పుకుని వెళ్ళి, మొహం తిప్పుకునే వచ్చింది. ఎవరు ఏం నొక్కారో ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండటం వాళ్ళకి చాలా కష్టమైంది.

చివరికి మడతక్క వంతు వచ్చింది.

దుప్పటి వెనక తెల్లటి వెలుతురు. తెర మీద పక్కపక్కనే రెండు బొమ్మలు, వంతెనదొకటి, ఉయ్యాలదొకటి. ఎవరూ చూడట్లేదు, ఎవరూ అడగట్లేదు. ఇప్పుడు వంతెన నొక్కితే ఆపేవాళ్ళు లేరు. మరి వేలెందుకు కదలదు? మోకాలు గుర్తొచ్చింది, అలమరలో నూనె సీసా గుర్తొచ్చింది, వీపు మీద గంజి వదిన చేతుల తడి గుర్తొచ్చింది. నాకేం కావాలి అని తనని తను అడగడం ఎలాగో ఆవిడకి అలవాటు లేదు. అటుపక్క ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకుని ఉండేవారు.

దుప్పటి అంచు మీద ఒకవైపు పిచ్చుక సన్నటి వేళ్ళు, ఇంకోవైపు పెద్దక్క మొద్దు వేళ్ళు కనిపిస్తున్నాయి. ఎత్తి పట్టుకుని పట్టుకుని వణుకుతున్నాయి.

"అయిందా?" అని పెద్దక్క గొంతు.

ఊఁ అని నాలుక చివరిదాకా వచ్చేసింది. మడతక్క దాన్ని మింగేసింది.

"లేదక్కా. కాస్త ఆగండి."

అవతల పెద్దక్క చేతులు మార్చుకున్న అలికిడైంది. దుప్పటి మాత్రం కిందికి దిగలేదు.

"ఆగాంలే," అంది పెద్దక్క. "నిదానంగా కానీ."